బొరియలు మూసేవాడి కూతురు

వారానికి రెండుసార్లు
ఈ బొమ్మ మీద దుమ్ము దులుపుతాను.
ముందు బంగారు పూత చట్రం,
తర్వాత ఆకాశం,
ఆ తర్వాత సర్ ఆంబ్రోస్ వెండల్‌బరీ గారి ఎర్రకోటు.
పదకొండు గుర్రాలు, ఇరవైమూడు కుక్కలు.
ఎవరూ చెప్పలేదు నాకు,
దులిపే చేతికి లెక్క దానంతటదే వస్తుంది.

గుర్రాల పేర్లు కింద ఇత్తడి రేకు మీద చెక్కారు.
కుక్కల్లో నాలుగింటికి కూడా పేర్లున్నాయి.
నక్కతోక తొక్కినవాళ్లంతా బొమ్మలోకెక్కారు.
మా నాన్న లేడు.
ఉండడు మరి. ఇది పగటి బొమ్మ,
ఆయనది రాత్రి పని.

తెల్లారితే వేట అనగా, అర్ధరాత్రి దాటాక
ముసలి పోనీ మీద లాంతరూ పారా వేసుకుని
బయల్దేరేవాడు ఈనోక్ థోర్లీ.
నక్కలు మేతకు పోయిన వేళ చూసి
ఒక్కో బొరియా మూసేవాడు,
ముళ్లకంప కుక్కి, మట్టి కప్పి, మడమతో తొక్కి.
పొద్దున ఇంటికొచ్చిన నక్కకి
ఇల్లు ఉండకూడదు.
ఆటకు మొదటి నియమం అదే.
ఆడేవాళ్లకు తెలియనక్కర్లేని నియమం.

బొరియకింతని లెక్కగట్టి
ఏడాదికోసారి, పెద్దవిందు అయ్యాక
వంటింటి గుమ్మంలో ఇచ్చేవారు.
చర్చిలో మా బల్ల మీద
ఆదివారాలు కూడా మట్టివాసనే.

చిత్రకారుడు లవిక్ గారు ఆరు వారాలున్నాడు.
ఆరు వారాల్లో మా కోళ్లు సగమయ్యాయి.
గుర్రాల్ని లాయం ముందు నిలబెట్టి
కంటిలో మెరుపు దగ్గర్నుంచి గీశాడు, కాదనను.
పరిగెత్తించేటప్పుడు మాత్రం
ముందుకాళ్లు ముందుకీ వెనకకాళ్లు వెనక్కీ చాపి
గాల్లో బోర్లా పడుకోబెట్టాడు.
కట్టెలు దించడానికొచ్చిన నాన్న
గడపలోంచి తొంగి చూసి,
"అట్లా పరిగెడితే పొట్ట దోక్కుపోతుంది" అన్నాడు,
నాకొక్కదానికే వినపడేట్టు.

బొమ్మ నడిమధ్యన
వేటకాడు జాబెజ్ క్రిక్ ఎత్తి పట్టుకున్న నక్క.
అతిథులందరూ అక్కడే ఆగుతారు.
"ఆ రోజు పరుగు పదిహేడు మైళ్లు" అంటారు సర్ ఆంబ్రోస్.
పోయినేడు పద్నాలుగన్నారు.

పద్నాలుగో పదిహేడో, పరుగు నిజం.
నక్క దొరకడమే అబద్ధం.
హాలోబై గుట్ట కింద, యాష్ చెట్టు వేళ్ల మధ్య
అది నేలలోకి దిగిపోయింది.
గుర్రాలు నురగలు కక్కుతూ నిలబడ్డాయి.
కుక్కలు చెట్టును తిట్టాయి.

ఆ బొరియ మూసి ఉండాలి.
అడిగితే, మరిచానన్నాడు నాన్న.
ముప్పై ఒక్క చలికాలాల్లో
ఆయన మరిచింది అదొక్కటే.
మరుపో, మంచుకి మోకాలు మొరాయించిందో,
మరేమిటో.
నేనడగలేదు. ఆయన చెప్పలేదు.
ఆ ఏడు గుమ్మంలో డబ్బు లెక్కపెట్టలేదు.
లాంతరు ఇంకొకడి చేతికి పోయింది.

అయినా బొమ్మకి నక్క కావాలి గదా.
వసారాలో అద్దాల పెట్టెలో ఉంది ఒకటి,
పెద్దయ్యగారి కాలంలో చచ్చింది,
పొట్టలో రంపపు పొట్టు, ఎడమ చెవి పురుగు కొట్టేసింది.
దాన్ని చూసే వేశాడు లవిక్ గారు.
చెవి కూడా అలాగే వేశాడు, పాపం, కళ్లు మంచివి.
మంగళవారం పెట్టె తుడుస్తాను, శుక్రవారం బొమ్మ.
రెండుసార్లు చచ్చిన నక్క
రెండుచోట్లా నన్నే చూస్తుంది.

ఎడమవైపు, చట్రం మూలకి ఆనుకుని
బొటనవేలంత నల్లటి గోధుమరంగు ఉంది.
ఏ అతిథీ అంత కిందికి వంగడు.
తవ్వి వదిలిన మట్టో,
రంగు ఎక్కువై కుంచె తుడుచుకున్న మరకో
నాకు తెలియదు.
అక్కడ మాత్రం ఈకల చీపురు వాడను.
ఏప్రన్ అంచుతో, ఊపిరి బిగబట్టి,
ఒత్తకుండా తుడుస్తాను,

మూసుకుపోతుందేమోనని.